చదవకుండా ఓటేసిన రూల్స్: మా నామిక్ ఆట, రెండు నెలల గోల

జనవరి 18 ఆదివారం మొదలుపెట్టి ఉగాది దాకా లాగిన ఆట ఇది. పేరు నామిక్. ఎవరైనా ఆడదామనుకుంటే, ముఖ్యంగా మాలాగా "రహస్య రూల్స్" పెట్టుకుందాం అనుకుంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నా. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తా: ఈ ఆటలో ఎత్తు వెయ్యడమంటేనే రూలు మార్చడం. మీ వంతు వచ్చినప్పుడు ఒక మార్పు ప్రతిపాదిస్తారు, అందరూ ఓటేస్తారు, అంతే. 1982లో పీటర్ సూబర్ అని ఒక అమెరికన్ ఫిలాసఫీ ప్రొఫెసర్ కనిపెట్టాడు. మేం ఆయన మొదట రాసిన రూల్సే తీసుకున్నాం. 101 నుంచి 116 దాకా గట్టివి, వాటి జోలికి వెళ్ళాలంటే ముందు అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. 201 నుంచి 213 దాకా మామూలువి. మనం చేర్చే కొత్తవాటికి నంబర్లు 301 నుంచి మొదలవుతాయి.

మొత్తం ఏడుగురం. పాత క్విజ్ గ్రూపువాళ్ళమే. విజయవాడలో అడ్వకేట్ సుధక్క, గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న చిన్నా, హైదరాబాద్‌లో నేను, శ్రావణి (సాఫ్ట్‌వేర్), డాలస్‌లో కిరణ్, మస్కట్‌లో రమేష్ మావ, కాకినాడలో రిటైరైన లెక్కల మాస్టారు ప్రసాద్ గారు. మనిషికి 500 చొప్పున 3500 గెలిచినవాళ్ళకి. కిరణ్ వంతు డబ్బులు తెనాలి నుంచి వాళ్ళమ్మగారు పంపారు. "మీ ఓట్లకి నేను కట్టడమేంటి నాయనా" అని ఆవిడ పెట్టిన వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది.

మొదటి గొడవకి ఆట మొదలవ్వాల్సిన పని కూడా లేకపోయింది. దూరంగా ఉండి ఆడేవాళ్ళు ఇంటిపేర్ల అక్షరక్రమంలో వంతులు తీసుకోవాలని 201లో ఉంది. తెలుగు అక్షరక్రమమా ఇంగ్లీషుదా? సుధక్కకైతే పుట్టింటి పేరా అత్తింటి పేరా? తగువొస్తే తీర్పు చెప్పేది అప్పుడు ఆడుతున్నవాళ్ళకి ముందు వంతు ఎవరిదో వాళ్ళు, అది 212. ఇంకా ఎవరూ ఆడలేదు కాబట్టి ముందు వంతువాళ్ళే లేరు, జడ్జి లేడు. రెండు రాత్రులు దీనికే పోయాయి. చివరికి ఆధార్‌లో ఏ పేరుంటే అది, తెలుగు క్రమం అని సర్దుకున్నాం. సుధక్క, చిన్నా, శ్రావణి, కిరణ్, రమేష్ మావ, నేను, మాస్టారు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది.

మొదటి రౌండ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఓటింగ్‌కి 48 గంటలు అనుకున్నాం గానీ 105 ప్రకారం ప్రతి ఓటూ అందరూ వెయ్యాల్సిందే, ఒకడు నిద్రపోతే ఆట కూడా నిద్రపోయినట్టే. ఒక్కో ప్రతిపాదనకి మూడేసి రోజులు పట్టింది. 1993 నుంచి ఆగకుండా ఆడుతున్న అగోరా అనే నామిక్‌లో ఓటింగ్ వారం ఉంటుంది, మనం నయం అని కిరణ్ ఓదార్చాడు. ఈ రౌండ్‌లో పనికొచ్చిన మార్పు శ్రావణి పెట్టిన 303 ఒక్కటే. మామూలు ప్రతిపాదన పాసవ్వడానికి కూడా అప్పటిదాకా కావాల్సిన ఏకగ్రీవం తీసేసి మూడింట రెండు వంతులు చాలంది, అంటే ఏడుగురిలో ఐదు ఓట్లు. అది పాసైన క్షణం నుంచి 204 నిద్రలేచింది. ఏకగ్రీవం పోయాక, గెలిచిన ప్రతిపాదనకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళకి తలా 10 పాయింట్లు. కాబట్టి ఇది ఎలాగూ పాసవుతుంది అనిపిస్తే వద్దు అని ఓటేసి పది జేబులో వేసుకోవచ్చు, కానీ ముగ్గురు అలాగే అనుకుంటే ప్రతిపాదన పడిపోతుంది, పెట్టినవాళ్ళకి 10 కోత, మనకి సున్నా. 200 వస్తే గెలుపు. ఇక్కడి నుంచి ఎవరు దేన్ని ఇష్టపడి ఓటేస్తున్నారో దేవుడికే తెలియాలి.

ఫిబ్రవరి 8న రెండో రౌండ్ మొదలైంది, సుధక్క 308 పెట్టింది. సారాంశం: కావాలంటే ప్రతిపాదన పాఠాన్ని దాచిపెట్టి ఓటింగ్‌కి తేవచ్చు. గ్రూపులో ఒక లైను సూచన, పాఠం తాలూకు షా-256 హ్యాష్ మాత్రమే పెడితే చాలు. పాసైతే వెంటనే అమల్లోకి వస్తుంది, పాఠం మాత్రం ఏడు రోజులకి బయటపెట్టాలి. ఓట్లు కూడా గుట్టుగా రమేష్ మావకి పంపాలి, మావ తన ఓటు ముందే సుధక్కకి చెప్పేయాలి. హ్యాష్ అంటే ఏ పాఠం ఇచ్చినా దాన్నుంచి 64 అంకెలు, అక్షరాల వరస వస్తుంది, వరసని బట్టి పాఠం తెలియదు, కానీ పాఠంలో ఒక్క చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. తర్వాత మాట మార్చకుండా తాళం అన్నమాట.

మాస్టారు వెంటనే 106 ఎత్తారు, ప్రతిపాదన ఓటింగ్‌కి ముందే రాసి ఉండాలి కదా అని. "రాసి ఉండాలి అంది గానీ చూపించాలి అనలేదుగా మాస్టారూ" అంది సుధక్క. వకీలు బుర్ర. 6–1తో పాసైంది, ఆ ఒక్కటీ మాస్టారిది, పది పాయింట్లు ఆయనకి. (ఈ ఆట కనిపెట్టిన సూబర్ గారు తర్వాత కాలంలో పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా చదవడానికి దొరకాలనే ఓపెన్ యాక్సెస్ ఉద్యమానికి పెద్ద గొంతు అయ్యాడు. ఆయన ఆటలో మేం చేసిన మొదటి ఘనకార్యం పాఠం దాచెయ్యడం.)

మొదటి రహస్యం చిన్నాగాడిది, 309. సూచన: "ఆదివారాలకి సంబంధించింది". అంతే.

పాఠం లేనప్పుడు ఓటు వెయ్యడం ఎలా ఉంటుందో ఇక్కడ కాస్త చెప్పాలి. రూలు చదివి ఓటేసేటప్పుడు మనకి రాసినవాడితో పనిలేదు, లొసుగు ఎక్కడుందా అని చూస్తాం. ఇప్పుడు చదవడానికి ఏమీ లేదు కాబట్టి మనిషినే చదవాలి. మామూలుగా లైనుకి మూడు స్మైలీలు పెట్టే చిన్నా ఆ రెండు రోజులూ ఫుల్‌స్టాప్‌లు పెట్టి టైప్ చేశాడు. అది చూసే నాకు అనుమానం. "నీకేమైనా లాభముందారా ఇందులో" అని నేనడిగితే "అన్నా, 111 ప్రకారం ఓటుకి ముందు చర్చించుకోవచ్చు, నేను సమాధానం చెప్పాలని ఎక్కడా లేదు" అన్నాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే నేను ఆదివారం ఎవరెవరు ఏం చేస్తారా అని కాగితం మీద లిస్టు రాసుకుంటున్నా. మా ఆవిడ అది చూసి "ఎవరి డ్యూటీ చార్టు ఇది" అంది.

ఫిబ్రవరి 13న 5–2తో పాసైంది. అంటే ఇప్పుడు మా మీద ఒక రూలు ఉంది, అదేంటో మాకు తెలియదు, 101 ప్రకారం అమల్లో ఉన్న రూల్స్ అన్నీ పాటించి తీరాలి. పదిహేనో తారీఖు ఆదివారం, పైగా శివరాత్రి. ఆ రోజు గ్రూపులో వాళ్ళు ఎలా ఉంటారో చూడాలి, సగంమంది నోరు మెదపలేదు. రమేష్ మావ మాత్రం రోజూలాగే పువ్వుల గుడ్ మార్నింగ్ పెట్టాడు. సుధక్క శివలింగం ఫోటోలు నాలుగు పెట్టింది.

20న చిన్నా పాఠం పెట్టాడు. ఆదివారం గ్రూపులో గుడ్ మార్నింగులు, శుభాకాంక్షలు పెట్టినవాళ్ళకి మెసేజ్‌కి 3 పాయింట్లు కోత. శివరాత్రి ఆదివారం పడిందని క్యాలెండర్ చూసుకునే పెట్టాడు వెధవ. సుధక్కకి 12 పోయాయి.

ఇంక చూడండి. రహస్య రూల్స్ తెచ్చిన మనిషే "ప్రచురించని చట్టంతో శిక్ష వెయ్యడం ఏ కోర్టులోనూ చెల్లదు" అని మొదలుపెట్టింది. 1951లో సుప్రీంకోర్టు హర్లా కేసు అట. జైపూర్ సంస్థానంలో నల్లమందు చట్టం ఒకటి మంత్రిమండలి తీర్మానం చేసి ఎక్కడా ప్రకటించకుండా ఊరుకుంది, దాని కింద ఒకతనికి శిక్ష పడితే, జనానికి తెలియజెయ్యని చట్టం చట్టమే కాదని సుప్రీంకోర్టు కొట్టేసింది. దానికితోడు 107, ఏ రూలూ వెనకటి తేదీ నుంచి వర్తించకూడదు. అప్పుడు వంతు రమేష్ మావది కాబట్టి జడ్జి కిరణ్. రూలు 13నే అమల్లోకి వచ్చింది, తప్పు 15న జరిగింది, మీకు తెలియకపోవడం వేరు, వెనక తేదీ వేరు అని తేల్చేశాడు. జడ్జి మాట కొట్టెయ్యాలంటే మిగతా అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, చిన్నా ఎందుకు ఒప్పుకుంటాడు? సుధక్క రెండు రోజులు "ఊ", "సరే" తప్ప మాట్లాడలేదు.

దీనికి కొంచెం ముందే, 16 నుంచి 19 దాకా, కిరణ్ రహస్య ప్రతిపాదన 311 నడిచింది. సూచన: "పాయింట్ల లెక్క". అందరం పాసవుతుందనుకున్నాం, 4–3తో పడిపోయింది. ఓడిపోయిన ప్రతిపాదన పాఠం చూపించక్కర్లేదు. అయినా ఫలితం వచ్చిన పది నిమిషాలకి శ్రావణి గ్రూపులో "రూల్ 204 రద్దు" అని టైప్ చేసి కింద దాని హ్యాష్ పెట్టింది. 64 అక్షరాలూ కిరణ్ పెట్టినవే.

హ్యాష్‌ని వెనక్కి తిప్పలేం, నిజమే. కానీ పాఠం చిన్నదైతే ఊహించి ఒక్కోటీ సరిచూసుకోవచ్చు. "204 రద్దు", "204ని రద్దు చేయాలి", "రూలు 204 రద్దు", ఇలా ఒక రాత్రి కూర్చుని స్క్రిప్ట్‌తో వందల వాక్యాలు వేసి చూసిందట. 204 వల్ల అందరికంటే లాభపడింది తనే, అందుకని ముగ్గురికి ఫోన్లు చేసింది, అందులో ఇద్దరు మాట విన్నారు. మూడోవాడిని నేను, వినలేదు, ఎందుకు అడుగుతోందో అప్పుడు అర్థం కాలేదు. మామూలుగా ఎదురెదురుగా కూర్చుని ఆడితే ముందుగా కూడబలుక్కోవడం 210 ఒప్పుకోదు, కంప్యూటర్ ఆటలకి ఆ నిషేధం లేదు, కాబట్టి తప్పేమీ లేదు. నా వంతు వచ్చినప్పుడు 313 అందుకే పెట్టా: రహస్య పాఠం చివర సంబంధం లేని పదాలు ఐదు తగిలించాలి, "గోంగూర తలుపు 4471 నాగలి..." ఇలా. 6–1తో పాసై, పెట్టినందుకు నాకు 19 పాయింట్లు వచ్చాయి. మీరు ఆడితే ఈ పని మొదటి రోజే చెయ్యండి.

ఇక అసలు బాధపెట్టినది 312, రమేష్ మావది. ఫిబ్రవరి 22న పాసైంది, మార్చి 1 ఆదివారం రాత్రి డ్యూటీ దిగాక పాఠం పెట్టాడు: ఓటు కోసం ఫోన్ చేసినట్టు తేలితే ఒక్కో ఫోన్ కాల్‌కి 5 పాయింట్లు కోత. శ్రావణి ఫోన్లు చూసి ఒళ్ళుమండి రాసిన రూలు అది, కానీ ఆ ఫోన్లు అంతకుముందువి కాబట్టి ఆవిడకి తగల్లేదు. ఆవిడని చూసి నేర్చుకుని ఆ వారంలోనే మూడు ఫోన్లు చేసిన కిరణ్‌కి 15 ఊడాయి.

కిరణ్ ఆ పాఠం తీసుకుని హ్యాష్ వేశాడు. కలవలేదు. మళ్ళీ వేశాడు, నేనూ వేశా. కలవలేదు. "మావా, ఇది నువ్వు నా కాల్స్ గురించి తెలిశాక మార్చావ్" అని గ్రూపులోనే అనేశాడు. చిన్నా ఒక నవ్వే బొమ్మ పెట్టాడు, పెట్టకుండా ఉండాల్సింది. మావ "నేను మార్చలేదు అల్లుడూ, డైరీలో రాసుకున్నదే చూసి కొట్టా" అని డైరీ ఫోటో పెట్టాడు. ఫోటోకి హ్యాష్ ఏముంటుంది? అక్షరం అక్షరం పోల్చా, డైరీలో ఉన్నదీ గ్రూపులో ఉన్నదీ ఒకటే. కానీ తాళం పడటంలేదు. ఎవరికి వాళ్ళం మావ అలాంటివాడు కాదు అనుకుంటూనే, మనసులో ఏమో అని. నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు, ఆటకి ఇంత ఫీలవ్వడమేంటి అని నామీద నాకే విసుగు.

మావ మాట్లాడటం మానేశాడు. అప్పుడు 315 మీద ఓటింగ్ నడుస్తోంది, మావ ఓటు లేకపోతే 105 వల్ల అది ముగియదు, పైగా అందరి ఓట్లూ ఉన్నది ఆయన ఫోన్‌లోనే. మూడో తారీఖు పొద్దున ఒక్క లైను వచ్చింది: "113 ఉందిగా, తప్పుకుంటా, నా 500 ఉంచుకోండి." ఎప్పుడైనా ఆట వదిలి వెళ్ళే హక్కు అది, గట్టి రూలు, ఎవరూ ఆపలేరు. నేనూ మాస్టారూ విడివిడిగా ఫోన్ చేశాం, ఎత్తలేదు. (ఓటు అడగడానికి కాదు కాబట్టి కోత లేదు అని చిన్నా వివరణ, వాడికి సందర్భం తెలియదు.)

ఆ రాత్రి పన్నెండున్నరకి శ్రావణి పట్టుకుంది. మావ మొదట ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో టైప్ చేసి ఆ పాఠానికి హ్యాష్ తీశాడు, బయటపెట్టేటప్పుడు డైరీ చూసి ఆఫీసు లాప్‌టాప్‌లో మళ్ళీ కొట్టాడు. ఫోన్ కీబోర్డు పొల్లుతో ముగిసే మాటల వెనక, అంటే "ఫోన్", "కాల్" లాంటి వాటి చివర, కంటికి కనపడని అక్షరం ఒకటి తనంతట తనే పెడుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పక్క అక్షరంతో కలిసి వత్తుగా మారకుండా అడ్డుపెట్టే పుల్ల. మాట చివర ఉంటే తెర మీద ఏ తేడా ఉండదు, కంప్యూటర్ లెక్కలో మాత్రం ఒక్కోటి మూడు బైట్లు. పొల్లు ఉన్న ప్రతిచోటా అది పెట్టి, తీసి, పెట్టి, తీసి చూస్తుంటే ఒకచోట 64 అక్షరాలూ కలిశాయి. స్క్రీన్‌షాట్ పెట్టి "మావ మార్చలేదు" అని మాత్రం రాసింది.

కిరణ్ డాలస్ నుంచి మావకి వీడియో కాల్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. 5న మావ 315 ఫలితం ప్రకటించాడు, ఆట కదిలింది. ఆ తర్వాత మాత్రం పాఠాన్ని టైప్ చేసి పెట్టడం లేదు, హ్యాష్ తీసిన ఫైలునే దాచి అదే ఫైలు పంపాలి అని నోటిమాటగా పెట్టుకున్నాం. తెలుగులో ఆడేవాళ్ళకి ఇది తప్పదు. "ఐ" గుణింతం గుర్తుని కూడా ఒకే ముక్కగానూ రాయొచ్చు, రెండు ముక్కలు కలిపీ రాయొచ్చు, చూడటానికి ఒకటే, హ్యాష్ వేరు. శ్రావణి చెప్తేనే తెలిసింది.

మార్చి 14న కిరణ్ ఇంకో రహస్యం, 318, పాస్ చేయించుకున్నాడు. 21న తెరవాలి. మధ్యలో 319 మావది, 320 నాది అయిపోయాయి. 19న ఉగాది. పొద్దున పచ్చడి తిని కూర్చుంటే మాస్టారి వంతు, ప్రతిపాదన వస్తుందనుకుంటే పెద్ద మెసేజ్ వచ్చింది.

ఆయన అన్నది ఇదీ. 318 అమల్లో ఉంది, అందులో ఏముందో నాకు తెలియదు. అది నా ఎత్తుని నిషేధించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాబట్టి నేను ఏం చేసినా రూల్స్ ప్రకారం ఉందో లేదో తుదిగా తేల్చే దారి లేదు. అలాంటి స్థితి వస్తే, వంతు పూర్తి చెయ్యలేకపోయిన మొదటి ఆటగాడే విజేత, ఇది 213, గెలుపు గురించిన మిగతా అన్ని రూల్స్ కన్నా ఇదే పైది. నేను గెలిచాను. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

ఆయనకున్నవి 44 పాయింట్లు. చిన్నాకి 112.

తగువు, కాబట్టి జడ్జి. ముందు వంతు నాది. పండగపూట నాకు ఫోన్లు మొదలయ్యాయి. సుధక్క వాదన: ఇంకో రెండు రోజుల్లో పాఠం తెరుస్తారు, అప్పుడు తేలుతుంది, తుదిగా తేలదు అనడానికి లేదు తమ్ముడూ. చిన్నా వాదన: ఇన్నాళ్ళూ ఇలాగే కళ్ళు మూసుకుని ఆడాం కదా, ఇవాళే కొత్తగా ఏమైంది అన్నా. కిరణ్‌ని పాఠం ఇప్పుడే చూపించెయ్యమన్నారు, వాడు చూపించనన్నాడు, 308 ప్రకారం ఏడు రోజులు వాడి హక్కు. అది వినగానే నాకు ఒక దారి దొరికింది. ఎత్తు వెయ్యాల్సింది ఇవాళ, తీర్పు చెప్పాల్సిన నాకు ఇవాళ పాఠం చదివే హక్కు లేదు. నేను చదవలేని రూలు ఆధారంగా నేను తుది మాట ఎలా చెప్పను? ఇన్నాళ్ళూ ఇలా ఆడాం అంటే ఇన్నాళ్ళూ ఎవరూ 213 అడగలేదు, అంతే. 20వ తారీఖు రాత్రి తీర్పు రాశా, హర్లా కేసు కూడా ఒక లైను ఇరికించా, సుధక్క "నా కేసు నా మీదే వాడతావా" అంది గానీ నవ్వుతోందని తెలిసింది. నా తీర్పు కొట్టెయ్యాలంటే మిగతా ఆరుగురూ ఒక్కమాట మీద ఉండాలి, ఆ ఆరుగురిలో మాస్టారూ ఒకరు.

21న కిరణ్ 318 తెరిచాడు. "ఈ రూలు పాఠం ఎప్పటికీ బయటపెట్టకూడదు. ఇటుక సొరకాయ 902 గొడుగు తీగ చెంబు." సొంత రూలుని తనే ధిక్కరించాడా అంటే లేదు, రెండు రూల్స్ కొట్టుకుంటే చిన్న నంబరుది పైచెయ్యి, తెరవమన్న 308దే నెగ్గుతుంది. మాస్టారి ఎత్తుకి అది అడ్డమే కాదు, రెండు రోజులు ఆగి ఉంటే ఆయన మామూలుగా ఆడుకోవాల్సి వచ్చేది.

3500 మాస్టారికి పంపేశాం, అందులో 500 ఆయన తెనాలికి తిరిగి పంపారు, కిరణ్ వాళ్ళమ్మగారికి. చిన్నా మాత్రం నా తీర్పు చెల్లదని మూడు పేజీల ఫిర్యాదు రాసి గ్రూపులో పెట్టాడు. బాగానే రాశాడు, రెండో పేజీలో పాయింటు నిజంగా గట్టిదే. కాకపోతే ఆట అయిపోయాక జడ్జి ఎవరో ఏ రూల్లోనూ లేదు.